లాగ్ సందేశములు – వాని తీవ్రతా స్థాయులు

శాస్త్ర విద్యలలో వాడబడు కొన్ని మాటలు పుట్టిన చోటు ఒకటి, పెరిగిన చోటు మరొకటి. కంప్యూటరు విద్యలో ప్రతిదినము వినబడు 'లాగ్' అను మాట అట్టిది. లాగ్ అనగా కొయ్యదుంగ. పూర్వము నావికులు ఓడ వేగమును తెలిసికొనుటకు ఒక కొయ్యముక్కకు త్రాడు కట్టి సముద్రములోనికి విడిచెడివారు. త్రాటికి సమాన దూరములలో ముడులు వేసి ఉండెడివి. నిర్ణీత కాలములో ఎన్ని ముడులు చేతిలోనుండి జారిపోయినవో లెక్కించి ఓడ వేగమును నిర్ణయించెడివారు. ఆ లెక్కను వ్రాసి ఉంచిన పుస్తకమునకు లాగ్ బుక్ అని పేరు వచ్చినది. కాలక్రమమున గాలి, వాన, దారి, ప్రమాదము మొదలగు సమాచారమంతయు ఆ పుస్తకములోనికి ఎక్కినది. నేడు కంప్యూటరు ప్రోగ్రాము తాను చేయుచున్న పనిని వరుసగా వ్రాసిపెట్టు చిట్టాకు అదే పేరు స్థిరపడినది.

ఈ చిట్టాలో ఒక్క పూటలో వేల వాక్యములు చేరవచ్చును. అవి అన్నియు ఒకే విలువ కలవి కావు. "పని ప్రారంభమైనది" అను వాక్యమునకును, "లెక్క తప్పినది" అను వాక్యమునకును ఒకే పీట వేసినచో చదువువాడు రెండింటిని కూడ చదువడు. అందుచేత ప్రతి సందేశమునకు దాని తీవ్రతను తెలుపు ఒక స్థాయిని కేటాయించు పద్ధతి ఏర్పడినది. ఆ స్థాయులు ఏవి, అవి సాఫ్ట్‌వేరును పరీక్షించు సాధనములలో ఏ విధముగా పనిచేయును, వానిని తప్పుగా వాడినచో కలుగు నష్టమేమి అను మూడు విషయములను ఈ వ్యాసములో విచారింపదలచినాము. మన కళాశాల నుండి పట్టము పుచ్చుకొని సాఫ్ట్‌వేరు పరీక్షకులుగా ఉద్యోగములలో చేరవలెనని ఆశించు విద్యార్థులకు ఇది మొదటి రోజుననే అక్కరకు వచ్చు విషయము.

ఓడరేవులోని అంకెలు

తీవ్రతను మెట్లుగా విభజించుట తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. బంగాళాఖాతములో వాయుగుండము ఏర్పడినప్పుడు మచిలీపట్నము, కాకినాడ, విశాఖపట్నము ఓడరేవులలో 'ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేసినారు' అని పత్రికలలో చదువుచుందుము. భారత వాతావరణ శాఖ పద్ధతిలో ఈ హెచ్చరికలు 1 నుండి 11 వరకు కలవు. మొదటి రెండు దూరపు హెచ్చరికలు. తుపాను ఎక్కడో సముద్రము మీద ఉన్నదని తెలుపును. 3, 4 అంకెలు స్థానిక హెచ్చరికలు. ఇక రేవునకే గాలుల తాకిడి కలుగవచ్చునని అర్థము. 5, 6, 7 ప్రమాద సంకేతములు. 8, 9, 10 మహా ప్రమాద సంకేతములు.

ఇందులో విద్యార్థి గమనింపవలసిన అంశములు రెండు కలవు. మొదటిది: 5, 6, 7 అంకెలు మూడింటి తీవ్రత ఒక్కటే. తుపాను రేవునకు ఏ వైపుగా తీరమును దాటునో తెలుపుటకే అంకె మారినది. అనగా అంకె పెరిగినంత మాత్రమున ప్రమాదము పెరిగినదని అనుకొనరాదు. ఆ అంకెకు ముందుగా ఇచ్చుకొన్న అర్థమేమో తెలిసి ఉండవలెను. రెండవది 11వ సంకేతము. వాతావరణ కేంద్రముతో సంబంధములు తెగిపోయినవి, ప్రమాదము కలదని స్థానికాధికారి తలచుచున్నాడు అని దాని భావము. వార్త రాకపోవుటయే ఒక వార్త అని ఆ పద్ధతిని రూపొందించినవారు గుర్తించినారు. కంప్యూటరు చిట్టాలో కూడ నిశ్శబ్దము క్షేమమునకు గుర్తు కాదు. రాత్రి జరుగవలసిన పరీక్ష నుండి ఒక్క తప్పిదము కూడ నమోదు కాలేదన్నచో, అన్నియు సరిగా ఉన్నవని అర్థము కావచ్చును. పరీక్ష అసలే జరుగలేదనియు కావచ్చును.

పరీక్షా చట్రము అనగానేమి?

ఒక ప్రోగ్రాము సరిగా పనిచేయుచున్నదా అని మనుష్యుడు కూర్చుండి చేతితో పరీక్షింపవచ్చును. కాని ప్రోగ్రాములో చిన్న మార్పు చేసిన ప్రతిసారి వందలాది పరీక్షలను మరల మొదటినుండి చేయుట మనుష్యునకు దుస్సాధ్యము. కావున ఆ పరీక్షలనే వ్రాసిపెట్టి, వానిని యంత్రమే నడిపి, ఫలితములను నివేదికగా ఇచ్చు సాధనములను కల్పించినారు. వీనినే టెస్టింగ్ ఫ్రేమ్‌వర్కులు అందురు. మనము పరీక్షా చట్రములు అని పిలువవచ్చును.

ఉదాహరణకు 'రోబోట్ ఫ్రేమ్‌వర్క్' అను చట్రమును తీసికొందము. దీని మూల భావములు 2005లో పెక్కా క్లార్క్ అను ఫిన్లాండు దేశీయుని పట్టపరిశోధనలో రూపుదిద్దుకొన్నవి. మొదటి రూపము నోకియా నెట్‌వర్క్స్ సంస్థలో తయారైనది. 2008లో దీనిని అందరును ఉచితముగా వాడుకొనునట్లు విడుదల చేసినారు. పైథాన్ భాషలో నిర్మింపబడిన ఈ చట్రములో పరీక్షలను కీవర్డులు అను చిన్న చిన్న ఆజ్ఞల వరుసగా వ్రాయుదురు. పరీక్ష ముగియగానే యంత్రము చదువదగిన ఫలితపత్రము ఒకటి, సంక్షేప నివేదిక ఒకటి, సవివరమైన లాగ్ ఒకటి తయారగును. ఆ లాగ్‌లోని ప్రతి సందేశమునకు ఒక స్థాయి ఉండును.

ఐదు మెట్లు

స్థాయులను ఒక కల్పిత దృష్టాంతముతో వివరింతము. ఒక గ్రంథాలయమునకు పుస్తకములు ఇచ్చు ప్రోగ్రాము ఉన్నదనుకొందము. ఒక సభ్యునకు ఒక్కసారి 3 పుస్తకములకు మించి ఇయ్యరాదని నియమము. మన పరీక్ష చేయవలసిన పని ఇది: సభ్యుని పేరుతో లోనికి ప్రవేశించి, వరుసగా 3 పుస్తకములు తీసికొని, నాల్గవది కోరవలెను. "పరిమితి దాటినది" అను జవాబు రావలెను.

అన్నింటికంటె క్రింది మెట్టు ట్రేస్. ట్రేస్ అనగా అడుగుజాడ. ఏ కీవర్డునకు ఏ విలువలు అందినవి, అది తిరిగి ఏ విలువను ఇచ్చినది అను వివరమంతయు రోబోట్ ఫ్రేమ్‌వర్క్ ఈ స్థాయిలో తనంత తానే వ్రాసికొనును. "పుస్తకము ఇమ్ము: సభ్యుడు 117, పుస్తకము 2045" అను వాక్యము ఈ జాతికి చెందినది.

దానిపై మెట్టు డీబగ్. దోషమును వెదకువానికి పనికివచ్చు సమాచారమునకు ఇది చోటు. ప్రోగ్రాము లోపల ఏమి జరిగినదో గ్రంథకర్తలు ఇచ్చట వ్రాయుదురు. ఒక కీవర్డు విఫలమైనప్పుడు వైఫల్యము కోడులోని ఏ వరుసలో పుట్టినదో తెలుపు జాడను కూడ చట్రము ఈ స్థాయిలోనే నమోదు చేయును.

మూడవది ఇన్‌ఫో. అనగా సమాచారము. "మూడవ పుస్తకము ఇవ్వబడినది" అనునది దీనికి ఉదాహరణ. ప్రత్యేకముగా ఏ స్థాయియు చెప్పనిచో రోబోట్ ఫ్రేమ్‌వర్క్ సందేశమును ఈ స్థాయిగనే భావించును. పని సవ్యముగా సాగుచున్నప్పుడు చదువువానికి కావలసినది ఇంతమట్టుకే.

నాల్గవది వార్న్. అనగా హెచ్చరిక. "జవాబు 9 సెకనులకు వచ్చినది, పరిమితి 10 సెకనులు" అను సందేశము ఇట్టిది. నియమము తప్పలేదు, కాని తప్పు దినము దగ్గరపడినది. ఈ సందేశము లాగ్‌లో తన చోటనే కాక, పరీక్ష నడుపువాని తెరమీదను, లాగ్ ఆరంభములో హెచ్చరికలకై కేటాయించిన ప్రత్యేక భాగములోను కనబడును.

ఐదవది ఎర్రర్. దీనికి కూడ వార్న్‌వలెనే తెరమీదను, ప్రత్యేక భాగములోను స్థానము కలదు. పరీక్షకు కావలసిన గ్రంథాలయభాగమును చట్రము లోనికి తెచ్చుకొనలేకపోయినప్పుడు అది ఈ స్థాయిలోనే మొరపెట్టుకొనును. వార్న్ "జాగ్రత్త" అనును. ఎర్రర్ "ఇచ్చట ఒకటి చెడినది" అనును.

ఈ ఐదుగాక ఫెయిల్ అను స్థాయి ఒకటి కలదు. కీవర్డు విఫలమైనప్పుడు చట్రము మాత్రమే దీనిని వాడును. పరీక్ష వ్రాయువారు తమంత తాము ఒక సందేశమునకు ఈ ముద్ర వేయుటకు వీలులేదు. ముద్దాయిపై అభియోగమును ఎవరైనను మోపవచ్చును గాని తీర్పు న్యాయాధిపతియే చెప్పవలెను గదా!

మన విద్యార్థులలో ఉర్దూ తెలిసినవారు ఇన్‌ఫో, వార్న్ భేదమును ఒక్క మాటతో గుర్తుంచుకొనగలరు. 'ఖబర్' అనగా వార్త. 'ఖబర్దార్' అనగా హెచ్చరిక. ఒకే ధాతువునకు 'దార్' చేరగానే వార్త హెచ్చరికయైనది. తెలుగు పల్లెలలో కూడ ఈ రెండు మాటలును వాడుకలో ఉన్నవి. ఖబర్ విన్నవాడు తలయూపి ఊరకుండవచ్చును. ఖబర్దార్ అన్నప్పుడు మాత్రము తల త్రిప్పి చూడవలసినదే.

జల్లెడ వంటి ఏర్పాటు

స్థాయులను కేటాయించుట ఒక సగము. వానిని బట్టి వడపోయుట రెండవ సగము. పరీక్షను నడుపునప్పుడే "ఈ మెట్టునకు క్రిందివి నాకు వలదు" అని చెప్పు వీలు కలదు. రోబోట్ ఫ్రేమ్‌వర్కులో ఏమియు చెప్పనిచో ఇన్‌ఫో, దానికి పైవి మాత్రమే నమోదగును. డీబగ్, ట్రేస్ సందేశములు జారిపోవును. 'లాగ్‌లెవెల్' అను ఐచ్ఛికముతో ఈ హద్దును క్రిందికిగాని పైకిగాని జరుపవచ్చును.

ఇచ్చట ఒక ధర్మసంకటము కలదు. హద్దు మరీ క్రింద ఉన్నచో చిట్టా కొండవలె పెరుగును. వెదకు విషయము అందులో మునిగిపోవును. హద్దు మరీ పైన ఉన్నచో దోషము బయటపడిన నాడు దాని కారణమును తెలుపు వివరము ఉండదు. పరీక్షను మరల నడిపినచో అదే దోషము మరల కనబడునను నమ్మకము లేదు. కొన్ని దోషములు వేయిసార్లకు ఒక్కసారి మాత్రమే తలయెత్తును.

ఈ చిక్కునకు రోబోట్ ఫ్రేమ్‌వర్కులో చక్కని ఉపాయము చేసినారు. నమోదు చేయు హద్దు ఒకటి, మొదట కనబడు హద్దు వేరొకటి అని రెండు హద్దులను ఇయ్యవచ్చును. డీబగ్ వరకు నమోదు చేసి, ఇన్‌ఫో వరకు మాత్రమే చూపుమని కోరినచో, చదువువానికి మొదట ఇన్‌ఫో సందేశములే కనబడును. అవసరమైనప్పుడు లాగ్ పుటలోనే స్థాయిని మార్చుకొని లోతునకు దిగవచ్చును. ఇంటిలోని సామానంతయు అటకమీద భద్రపరచి, వాడుకకు కావలసినవి మాత్రమే క్రింద ఉంచుకొను గృహిణి పద్ధతి ఇదియే.

ఇంతకంటె గంభీరమైన సంగతి మరొకటి కలదు. ట్రేస్ స్థాయి కీవర్డులకు అందిన విలువలన్నింటిని వ్రాయునని చెప్పినాము. ఆ విలువలలో సభ్యుని రహస్య సంకేతపదము కూడ ఉండవచ్చును. అప్పుడు ఆ పాస్‌వర్డు లాగ్‌లోనికి ఎక్కి, ఆ లాగ్ చదువు ప్రతివాని కంటను పడును. అందుచేత అట్టి పని చేయు చోట నమోదును తాత్కాలికముగా పూర్తిగా ఆపివేసి, పని ముగిసిన పిమ్మట పూర్వపు స్థాయికి మరలింపవలెను. స్థాయిని మార్చు కీవర్డు పాత స్థాయిని తిరిగి ఇచ్చుటలోని ప్రయోజనము ఇదియే. ఎక్కువ వ్రాయుట ఎల్లప్పుడు మేలు కాదనుటకు ఇది తార్కాణము.

సందేశము వేరు, తీర్పు వేరు

క్రొత్తగా పరీక్షలు వ్రాయువారు తరచుగా పడు భ్రమ ఒకటి కలదు. ఎర్రర్ స్థాయిలో ఒక సందేశమును వ్రాసినచో పరీక్ష తప్పినట్లే యని వారు తలచుదురు. రోబోట్ ఫ్రేమ్‌వర్కులో అట్లు కాదు. వార్న్ అయినను, ఎర్రర్ అయినను, సందేశము సందేశమే. పరీక్ష ఫలితమును అది మార్చదు. మన దృష్టాంతములో నాల్గవ పుస్తకము కూడ ఇవ్వబడినదనుకొందము. పరీక్ష వ్రాసినవాడు "ఎర్రర్: నాల్గవ పుస్తకము ఇవ్వబడినది" అని లాగ్‌లో వ్రాసి ఊరకుండినచో, నివేదికలో ఆ పరీక్ష ఉత్తీర్ణమైనట్లే పచ్చరంగులో కనబడును. పరీక్ష తప్పవలెనన్నచో, రావలసిన జవాబును వచ్చిన జవాబుతో పోల్చి, సమానము కానిచో విఫలము చేయు కీవర్డును వాడవలెను. మొత్తము పరీక్షలన్నింటిని అక్కడికక్కడ ఆపవలసినంత విపత్తు సంభవించినప్పుడు వాడుటకు 'ఫేటల్ ఎర్రర్' అను వేరు కీవర్డు కలదు.

అన్ని చట్రములును ఇట్లే ఉండవు. సి ప్లస్ ప్లస్ భాషకు చెందిన బూస్ట్ టెస్ట్ అను చట్రములో పోలికలకే మూడు తరగతులు కలవు. 'వార్న్' తరగతి పోలిక తప్పినచో మాట మాత్రము నమోదగును. తప్పుల లెక్క పెరుగదు. 'చెక్' తరగతిది తప్పినచో తప్పుల లెక్క పెరుగును గాని పరీక్ష ముందునకు సాగును. 'రిక్వైర్' తరగతిది తప్పినచో ఆ పరీక్ష అక్కడనే ఆగిపోవును.

చిప్పుల రూపకల్పనను పరీక్షించువారు వాడు యు.వి.ఎం. అను పద్ధతిలో మరొక విధమైన ఏర్పాటు కలదు. ఈ పద్ధతి 2017లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థవారి 1800.2 అను ప్రమాణముగా వెలువడినది. ఇందులో తీవ్రతలు నాలుగు: ఇన్‌ఫో, వార్నింగ్, ఎర్రర్, ఫేటల్. ముందుగా చేయబడిన ఏర్పాటు ననుసరించి ఇన్‌ఫో, వార్నింగ్ సందేశములు కేవలము చూపబడును. ఎర్రర్ చూపబడుటయే కాక లెక్కింపబడును. ఫేటల్ చూపబడి, ఆ పరీక్షను అంతటితో ముగించును. ఇంతేకాక తీవ్రత వేరు, వివరముల విస్తారము వేరు అని ఈ పద్ధతి స్పష్టముగా విడదీసినది. విస్తారమునకు 0, 100, 200, 300, 400, 500 అను వేరు అంకెలు కలవు. చిన్న సంగతిని క్లుప్తముగాను చెప్పవచ్చును, విపులముగాను చెప్పవచ్చును. విపులముగా చెప్పినంత మాత్రమున అది పెద్ద సంగతి కాజాలదు. చిప్పుల రూపకల్పన చేయు సంస్థలు హైదరాబాదులో కూడ ఉన్నవి గనుక ఈ భేదము మన విద్యార్థులకు ఉపయోగపడునదే.

కావున క్రొత్త చట్రమును చేతబట్టిన ప్రతివాడును మొట్టమొదట వేయవలసిన ప్రశ్న ఇది: ఇచ్చట ఎర్రర్ అనగా వట్టి మాటయా, తప్పుల లెక్కయా, లేక పనిని ఆపు ఆజ్ఞయా? పేరు ఒక్కటియే గాని పని వేరు.

అంకెల దిశ

స్థాయుల పేర్ల వెనుక అంకెలుండును. వాని విషయములోను జాగరూకత వలయును. పైథాన్ భాషలోని లాగింగ్ విభాగములో డీబగ్ 10, ఇన్‌ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. అంకె పెరిగిన కొలది తీవ్రత పెరుగును. మధ్యలో పదేసి అంకెలు విడిచిపెట్టుటచేత అవసరమైనవారు క్రొత్త మెట్లను కల్పించుకొనుటకు చోటు కలదు.

యూనిక్స్ యంత్రములలో ప్రచారమునకు వచ్చిన సిస్‌లాగ్ పద్ధతి దీనికి విరుద్ధము. దీనిని 1980వ దశకములో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో ఎరిక్ ఆల్మన్ రూపొందించినాడు. 2009లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 5424 అను పత్రము దీనికి ప్రమాణము. ఇందులో మెట్లు ఎనిమిది. 0 అనగా యంత్రమే నిరుపయోగమైన అత్యవసర స్థితి. 1 తక్షణ చర్య కోరునది, 2 విషమస్థితి, 3 దోషము, 4 హెచ్చరిక, 5 గమనింపదగినది, 6 సమాచారము, 7 డీబగ్. ఇచ్చట అంకె తగ్గిన కొలది తీవ్రత పెరుగును. పరీక్షలో మొదటి ర్యాంకు గొప్పది, మార్కులలో వంద గొప్పది అన్నట్లు, రెండు పద్ధతులును తమ తమ చోట్ల సమంజసమైనవే. ఒకదానినుండి మరియొకదానికి సందేశములను పంపునప్పుడు మాత్రము దిశను మరచినచో, పెద్ద ఆపద చిన్నదిగాను, చిన్న ముచ్చట పెద్ద ఆపదగాను తారుమారగును.

ఒక దుర్ఘటన చెప్పు పాఠము

ఇదంతయు కాగితము మీది వర్గీకరణమేనా, దీనివలన మనుష్యులకు కలుగు మేలుకీడులు ఏమైన కలవా అని ఎవరైన అడుగవచ్చును. దానికి సమాధానముగా థెరాక్-25 అను యంత్రపు చరిత్రను చెప్పవలసి ఉన్నది.

కెనడా దేశములో తయారైన ఈ యంత్రము కాన్సరు రోగులకు కిరణచికిత్స చేయుటకు ఉద్దేశింపబడినది. దీని నడకను కంప్యూటరు ప్రోగ్రాము నియంత్రించెడిది. 1985 జూను నుండి 1987 జనవరి వరకు జరిగిన 6 దుర్ఘటనలలో రోగులకు మితిమీరిన కిరణములు తగిలి మరణములు, తీవ్ర గాయములు సంభవించినవి. ఈ దుర్ఘటనలపై నాన్సీ లెవిసన్, క్లార్క్ టర్నర్ అనువారు 1993లో ప్రకటించిన పరిశోధన వ్యాసము నేటికిని సాఫ్ట్‌వేరు విద్యార్థులకు పాఠ్యాంశముగా ఉన్నది.

ఆ యంత్రము దోషమును కనుగొన్నప్పుడు తెరమీద 'మాల్‌ఫంక్షన్' అను మాటను, దాని ప్రక్కన 1 నుండి 64 వరకు ఏదో ఒక అంకెను మాత్రమే చూపెడిది. ఆ అంకె ప్రాణాపాయమును తెలుపునదా, స్వల్పమైన అంతరాయమును తెలుపునదా అని ఆ సందేశమును బట్టి ఎవరికిని తెలిసెడిది కాదు. దోషము కనబడిన పిమ్మట యంత్రము రెండు విధములుగా ఆగెడిది. ఒకటి పూర్తి నిలుపుదల. దాని తరువాత అన్నియు మొదటినుండి ప్రారంభింపవలెను. రెండవది తాత్కాలిక విరామము. 'పి' అను ఒక్క మీట నొక్కినచో చికిత్స మరల సాగెడిది. ఇట్లు 5 సార్ల వరకు సాగించు వీలుండెడిది. ఒక చికిత్సాలయములో ఒక్కొక్క దినము సుమారు 40 పర్యాయములు ఇట్టి సందేశములు వచ్చెడివని అచ్చటి ఉద్యోగిని తెలిపినది. దినమునకు 40 సార్లు వినబడు కేక ఇక కేకగా మిగులునా? మీట నొక్కుట వారికి అలవాటైపోయినది.

1986 మార్చి 21వ తేదీన అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున టైలర్ నగరములో ఒక రోగికి చికిత్స జరుగుచుండగా 'మాల్‌ఫంక్షన్ 54' అను సందేశము వచ్చి, యంత్రము తాత్కాలిక విరామములో నిలిచినది. అనగా స్వల్పమైన అంతరాయము అని అది తెలిపినట్లే. 202 ప్రమాణములు అందవలసి ఉండగా 6 మాత్రమే అందినవని తెర చూపినది. యంత్రము నడుపు ఉద్యోగిని అలవాటు చొప్పున మీట నొక్కినది. రోగికి రెండవసారియు కిరణములు తగిలినవి. అతనికి 180 రాడ్‌ల మోతాదు ఉద్దేశింపబడగా, తగిలినది 16,500 నుండి 25,000 రాడ్‌ల వరకు ఉండునని తరువాత అంచనా వేసినారు. ఆ రోగి 5 నెలల పిమ్మట మరణించినాడు. సరిగా మూడు వారములకు, ఏప్రిల్ 11వ తేదీన, అదే చోట అదే సందేశముతో మరొక రోగి ప్రమాదమునకు గురియై మే 1వ తేదీన మరణించినాడు.

మూలదోషము ప్రోగ్రాములో ఉన్నది. ఉద్యోగిని వివరములను త్వరత్వరగా సరిదిద్దినప్పుడు ప్రోగ్రాములోని రెండు భాగములు ఒకదానితో ఒకటి పొసగకపోవుటచేత యంత్రము తప్పుడు స్థితిలో కిరణములను విడిచినది. కాని ఆ దోషమునకు తోడుగా సందేశముల దోషము కూడ కలదు. ప్రాణాంతకమైన స్థితికి స్వల్పమైన అంతరాయపు ముద్ర పడినది. దాని భావము అప్పటి వాడుకదారుల పుస్తకములో వివరింపబడలేదు. స్వల్పమైన వానికిని, ఘోరమైన వానికిని ఒకే విధమైన కేక పెట్టుటచేత కేకకు విలువ నశించినది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి సరిగా ఉన్నను రెండవసారి మీట నొక్కకముందు ఆ ఉద్యోగిని ఆగి ఆలోచించి ఉండెడిదేమో. ఆమెను నిందించుట న్యాయము కాదు. యంత్రము ఆమెకు ఏమి నేర్పినదో ఆమె అదియే చేసినది.

స్థాయిని నిర్ణయించు విధము

పై విషయములను బట్టి కొన్ని సూత్రములను ఏర్పరచుకొనవచ్చును.

మొదటిది. సందేశమును వ్రాయువాడు తన ఆందోళనను బట్టి స్థాయిని నిర్ణయింపరాదు. చదువువాడు చేయవలసిన పనిని బట్టి నిర్ణయింపవలెను. చదివి ఊరకుండవలసినది ఇన్‌ఫో. ఈ వారములో ఎప్పుడైన చూడవలసినది వార్న్. ఈ పూటనే చూడవలసినది ఎర్రర్. దోషమును వెదకునప్పుడు తప్ప చూడనక్కరలేనిది డీబగ్.

రెండవది. ఎవరును ఏ పనియు చేయనక్కరలేని హెచ్చరికను హెచ్చరికగా ఉంచరాదు. ప్రతి రాత్రియు అదే వార్న్ కనబడుచు, ప్రతి ఉదయము అందరును దానిని దాటిపోవుచున్నచో, దాని కారణమునైన తొలగింపవలెను, లేదా దానిని ఇన్‌ఫోకు దింపవలెను. 'నాన్నా పులి' కథలోని పిల్లవాని కేక మన పెద్దలు ఊరకనే చెప్పలేదు.

మూడవది. సందేశములో ఏమి జరిగినది, ఎక్కడ జరిగినది, ఏ విలువ రావలసి ఉండగా ఏ విలువ వచ్చినది అను మూడును ఉండవలెను. "దోషము 54" అనుట సందేశము కాదు, పొడుపుకథ.

నాల్గవది. పరీక్ష తప్పవలసిన చోట సందేశముతో సరిపెట్టరాదు. తప్పిన పరీక్షను తప్పినట్లు చూపుటకు సంకోచించి, దానిని ఎర్రర్ వాక్యముగా మార్చి నివేదికను పచ్చగా ఉంచుట అనగా, కాలిన అన్నముపై నేయి పోసి వడ్డించుట వంటిది.

ఐదవది. ఒక బృందములోని వారందరును ఈ స్థాయులకు ఒకే అర్థమును వ్రాసి ఉంచుకొనవలెను. ఒకరి వార్న్ మరియొకరికి ఇన్‌ఫో అయినచో జల్లెడకు కన్నములు వేరువేరు పరిమాణములలో ఉన్నట్లే.

అభ్యాసము

ఈ విషయము చదివినంత మాత్రమున పట్టుబడదు. కంప్యూటరు అందుబాటులో ఉన్న విద్యార్థులు రోబోట్ ఫ్రేమ్‌వర్కును ఉచితముగా తెచ్చుకొని, మూడు నాలుగు కీవర్డులతో ఒక చిన్న పరీక్షను వ్రాయవలెనని మా కోరిక. ఐదు స్థాయులలోను ఒక్కొక్క సందేశమును వ్రాసి, హద్దును మార్చుచు పరీక్షను మూడుసార్లు నడుపవలెను. ఏ హద్దులో ఏ సందేశము మిగిలినది, ఏది తెరమీద కనబడినది, పరీక్ష ఫలితము మారినదా లేదా అని పట్టికగా వ్రాసికొనవలెను. పిమ్మట ఒక పోలికను బుద్ధిపూర్వకముగా తప్పించి, ఆ వైఫల్యమునకు సంబంధించిన జాడ ఏ స్థాయిలో నమోదైనదో చూడవలెను. చివరకు ఆ లాగ్‌ను ఈ విషయము తెలియని ఒక స్నేహితుని చేతికిచ్చి, "ఇందులో నీవు మొదట దేనిని చూడవలెనని తోచుచున్నది?" అని అడుగవలెను. అతడు వెంటనే సరియైన వాక్యముపై వ్రేలు పెట్టినచో మీరు స్థాయులను సరిగా కేటాయించినట్లు. అతడు తికమక పడినచో తప్పు అతనిది కాదు. సందేశములను మరల సరిదిద్దవలసినది మీరే.